మిగిలిన ఆల్చిప్ప

ఎలూలు 27

నీళ్ళ గది. ఉప్పు శాతం మామూలే. ఫిల్టర్లు కడిగాను. రెండో పంపు గురక పెడుతోంది, నూనె పోశాను.

నేను రాయాల్సింది ఇంతవరకే. తుపానులో చెవి వెనక మాట్లాడే తోడులన్నీ మూగబోయినా కాగితం మిగులుతుందని, ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ఈ గది రాత మాత్రం చేత్తోనే రాయాలని, సముద్రం మీద ఈ తెప్పవాడ కట్టిన పెద్దలు నియమం పెట్టారు. ఇన్నేళ్ళలో దీన్ని తెరిచి చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అందుకే ఉప్పుతోపాటు నా కారం కూడా ఇందులోనే పోస్తుంటాను.

ఇవాళ పొద్దున ఫిల్టరు విప్పుతుంటే చెవి వెనకనుంచి తోడు చెప్పింది: "కెజియమ్మా, ఊళ్ళో అందరి దగ్గర్నుంచీ క్షమాపణలు వచ్చాయి. అందరికీ జవాబిచ్చేశాను. మీ తరఫున అందర్నీ అడిగేశాను కూడా."

సరే అన్నాను. చేతుల నిండా జిడ్డు, ఇంకేమంటాను?

కొత్త సంవత్సరం దగ్గరపడినప్పటి నుంచి ప్రాయశ్చిత్త దినం దాకా, మా ఎఫ్రాయిం యూదు జనం ఒకరినొకరు క్షమాపణ అడుక్కోవాలి. దేవుడికి చేసిన తప్పు దేవుడు మాఫీ చేస్తాడు గానీ, మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫీ చెయ్యాలి. ఆయన మధ్యలో వేలు పెట్టడు. సముద్రం మా పాత ఊళ్ళని మింగకముందు, నా చిన్నప్పుడు, మా అమ్మ నన్ను వెంటేసుకుని గడప గడపా తిరిగేది. కొన్ని గడపల దగ్గర ఆమెకి గొంతు పెగిలేది కాదు. కొందరు తలుపే తీసేవాళ్ళు కాదు. ఇంటికొచ్చేసరికి ఎండకీ సిగ్గుకీ ఆమె మొహం కందిపోయి ఉండేది.

ఇప్పుడా తిప్పలు లేవు. బఠాణీ గింజంత తోడుని చెవి వెనక అంటించుకుంటే మన గొంతుతో మనకంటే మర్యాదగా మాట్లాడుతుంది. పుట్టినరోజు దీవెనలు, పెళ్ళి పిలుపులు, పరామర్శలు అన్నీ అదే చూసుకుంటుంది. క్షమాపణలు కూడా దానికే అప్పజెప్పాం. "తెలిసీ తెలియక చేసిన తప్పులకు మన్నించండి" అని ఒక ఇంటి తోడు అడుగుతుంది, "మన్నించాం" అని ఇంకో ఇంటి తోడు అంటుంది. నేను ఫిల్టరు తిరిగి బిగించేలోపు ఊరు ఊరంతా ఊరందరినీ క్షమించేసింది.

పక్క తెప్ప సిప్పోరా కూడా అడిగిందట. నా మిరప కుండీలో కాయలు మాయం కావడం గురించి అందులో ఒక్క ముక్కా లేదు. నా తోడు క్షమించేసింది. నేనింకా ఆలోచిస్తున్నాను.

తిష్రి 4

కొత్త సంవత్సరం పండగ రెండు రోజులూ, నిన్న సబ్బాతు విశ్రాంతి దినమూ రాయకూడదు కాబట్టి ఇవాళ అన్నీ కలిపి రాస్తున్నాను.

ఉప్పు మామూలే. నీళ్ళ ధార కాస్త సన్నబడింది. తూర్పు అంచున జెల్లీఫిష్‌లు తేలుతూ కనిపించాయి. సముద్రం నుంచి నీళ్ళు తోడే పెద్ద పైపుని శుభ్రం చెయ్యడానికి పాకుడు యంత్రాన్ని దించాను.

కొత్త సంవత్సరం బాగానే జరిగింది. సమాజమందిరం పెద్ద అమ్రాము తాత ఎనభై దాటినా పొట్టేలు కొమ్ము ఎవరికీ ఇవ్వడు, ఆయనే ఊదుతాడు. ప్రార్థనకి పదిమంది ఉండాలి. మనుషుల్ని వేలు పెట్టి లెక్కించకూడదని మా ఆచారం. అందుకని ఆయన పది ఆల్చిప్పలు తెచ్చి, గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళ చేతిలో తలా ఒకటి పెడతాడు. చిప్పలు అయిపోతే సరిపడా జనం వచ్చినట్టు. నీళ్ళ మీద మనుషులే తక్కువ, కాబట్టి ఆడవాళ్ళ చేతిలోనూ పెడతాడు.

అసలు సంగతి రాయకుండా చుట్టూ తిరుగుతున్నాను.

మధ్యాహ్నం ఓబద్యా వచ్చాడు. మా యోతాముకి నీళ్ళలో దిగి పనిచెయ్యడం నేర్పింది ఇతనే. యోతాము నా ఒక్కగానొక్క కొడుకు. మూడేళ్ళ కిందట తెప్ప అడుగున పాచి గీకడానికి దిగి, గాలి పైపు దెబ్బతిని, ప్రాణంతో పైకి రాలేదు. ఆ రోజు పైన పైపు పట్టుకుని కూర్చున్నది ఓబద్యా. వాల్వు పాడైందని విచారణలో తేల్చారు. ఊళ్ళో వాల్వులన్నీ మార్చారు. ఆ తర్వాత నెలరోజులు ఓబద్యా మా వసారాలోనే పడుకున్నాడు. నేను తిననని మొండికేస్తే ముద్ద కలిపి చేతిలో పెట్టాడు. నన్ను అత్తా అంటాడు.

నీళ్ళ గదికి వచ్చిన మనిషికి గ్లాసుడు నీళ్ళు ఇవ్వకుండా పంపకూడదని మా ఆనవాయితీ. గ్లాసు నింపాను.

"వద్దత్తా. ముందు నీకో మాట చెప్పాలి," అన్నాడు.

"తాగి చెప్పు."

"నీ మన్నింపు అందింది. మనసులో ఏమీ పెట్టుకోలేదు బాబూ అన్నావంట, మా తోడు చెప్పింది. రెండ్రోజులు ఒళ్ళు తెలీకుండా నిద్రపోయా. ఈ మూడేళ్ళలో అదే మొదలు. తర్వాత అనిపించింది, దేన్ని క్షమించావో నీకు తెలీదు గదా అని."

నాకేమీ అర్థం కాలేదు. గ్లాసు మళ్ళీ అతని ముందుకి చాపాను.

"వాల్వు వల్ల కాదత్తా. పైపు దగ్గర నేను లేను."

నేలకేసి చూస్తూ చెప్పాడు. ఆ రోజు పొద్దున్నుంచీ ఏమీ తినలేదట. తెప్ప అవతలి పక్క ఎవరో బజ్జీలు వేస్తుంటే వాసన వచ్చిందట. ఒక్క నిమిషమే గదా అని పైపుని గుంజకి చుట్టి వెళ్ళాడట. వేడివేడివి నిలబడి తిన్నాడట. తిరిగి వచ్చేసరికి కెరటానికి పైపు జారి, రెండు తెప్పల సందులో పడి నలిగిపోయి ఉందట. ఆ నలుగుడులో వాల్వు కూడా పగిలింది కాబట్టి విచారణకి వచ్చినవాళ్ళు తప్పు వాల్వుదన్నారు. ఇతను ఊ కొట్టాడు.

నీళ్ళలో ఉన్నవాడు పైపుని ఒకసారి లాగితే బాగున్నానని అర్థం. రెండుసార్లు లాగితే పైకి తియ్యమని. నా బిడ్డ రెండుసార్లు లాగి ఉంటాడు. మళ్ళీ లాగి ఉంటాడు. అది అందుకోవడానికి ఇక్కడ చెయ్యి లేదు.

"నన్ను క్షమించత్తా."

"అత్తా అనకు."

గ్లాసులో నీళ్ళు తిరిగి తొట్టిలో పోసేశాను. పొమ్మన్నాను. వెళ్ళాడు.

తిష్రి 5

ఉప్పు చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

బజ్జీలు. దేవుడా, బజ్జీల కోసం.

తిష్రి 6

ఉప్పు కొంచెం ఎక్కువ. ధార ఇంకా సన్నం.

ఓబద్యాకి నువ్వు ఏం చెప్పావో చెప్పి చావు, అని తోడుని అడిగాను. వినిపించింది. నా గొంతే. నా దగ్గు కూడా ఉంది అందులో. "అయ్యో, క్షమాపణ ఎందుకు బాబూ, నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు. చల్లగా ఉండు." యోతాము పోయాక నేనెప్పుడూ అంత ప్రేమగా మాట్లాడి ఎరగను.

"నన్నడక్కుండా ఎందుకన్నావు?"

"మీరు ప్రతి ఏడూ అందరికీ ఇదే చెప్పమన్నారు కదండీ," అంది. నిజమే. అన్నాను.

దాన్ని చెవి వెనకనుంచి పీకి ఉప్పునీళ్ళ కుండీలో పడేశాను. కాసేపు బుడగలు వచ్చాయి. తర్వాత ఊరుకుంది.

తిష్రి 8

ధార బాగా తగ్గింది. జెల్లీఫిష్‌లు తూర్పున చాప పరిచినట్టు పరుచుకున్నాయి.

ఓబద్యా రెండోసారి వచ్చాడు. మొదటిసారి కాదంటే రెండోసారి ముగ్గురిని వెంటబెట్టుకుని రావాలని ఆచారం. అమ్రాము తాత, సిప్పోరా, ఆమె మొగుడు సాదోకు వచ్చారు. దారిలో వాళ్ళకి అంతా చెప్పే తీసుకొచ్చాడని సిప్పోరా మొహం చూస్తే తెలిసిపోయింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి.

ఈసారి అత్తా అనలేదు. "కెజియమ్మ గారూ, మీ బిడ్డ పోయింది నా వల్ల. మూడేళ్ళు మీ కంచంలో తింటా అబద్ధమాడా. మీ కాళ్ళు పట్టుకుంటా, క్షమించండి," అన్నాడు.

"వినపడింది. క్షమించను."

తల ఊపాడు. ముగ్గురికి నీళ్ళిచ్చాను. నాలుగో గ్లాసు తియ్యలేదు. సిప్పోరా తన గ్లాసు తాగకుండా అక్కడే పెట్టేసింది.

అందరూ వెళ్ళాక తాత ఆగిపోయాడు. మోకాళ్ళు పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు.

"ఇంకొక్కసారి వస్తాడమ్మాయ్. మూడుసార్లు అడిగినా కాదంటే ఇక వాడికి బాధ్యత లేదు. కాదన్న పాపం నీ మీదకి వస్తది. అది చెప్పకపోతే నా తప్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "బాగుంది తాతా! కొడుకుని పోగొట్టుకున్నదాన్ని నేను. పైగా పాపం కూడా నాదేనా? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఎవడు పెట్టాడు ఈ రూలు?"

"నేనైతే పెట్టలా," అన్నాడు తాత. "ఎందుకు పెట్టారో నాకూ తెల్దు. నేను చూసింది మాత్రం చెప్తా. మూడోసారి అడిగినోడు ఇంటికి పోయి నిద్రపోతాడు. కాదన్నోళ్ళకి పట్టదు."

"నన్నడిగితే సరిపోయిందా మరి? ఊపిరాడక పోయినోడు వాడు. వాణ్ణెవరు అడుగుతారు?"

"పోయినోళ్ళనీ అడగొచ్చు. పదిమందిని తీసుకుని సమాధి కాడికి పోవాలి. చేసింది బయటికి చెప్పాలి. ఆ పదిమందీ పోయినోడి తరఫున మూడుసార్లు జవాబు చెప్పాలి."

తెప్పవాడలో నేల లేదు. పోయినవాళ్ళకి రాయి కట్టి ఉత్తరం వైపు కమ్మీ దగ్గర్నుంచి నీళ్ళలోకి దించుతాం. కమ్మీ మీద పేరు చెక్కుతాం. వెళ్ళినప్పుడల్లా పేరు దగ్గర ఒక ఆల్చిప్ప పెట్టి వస్తాం. పాత ఊళ్ళో రాళ్ళు పెట్టేవాళ్ళు, ఇక్కడ రాళ్ళెక్కడివి? యోతాము పేరు దగ్గర చిప్పల్లో సగం ఓబద్యా పెట్టినవే. ఇన్నాళ్ళూ అది చూసి మురిసిపోయాను.

"పదిమందిని తెచ్చుకోమను చూద్దాం," అన్నాను. "ఎవరొస్తారో."

తిష్రి 9

సాయంత్రం లోపు రాస్తున్నాను. పొద్దు గుంకితే ప్రాయశ్చిత్త దినపు ఉపవాసం మొదలు, ఇక కలం ముట్టకూడదు.

పాకుడు యంత్రం జెల్లీఫిష్‌ల మధ్య ఇరుక్కుని ఆగిపోయింది. ఒడ్డు నుంచి మనుషుల్ని పంపమని కబురు పెట్టాను. సముద్రం పోటు మీదుంది, రాలేమన్నారు. తొట్టి సగానికి దిగింది. పొదుపుగా వాడమని అందరికీ చెప్పాను. రేపు ఎలాగూ పెద్దవాళ్ళెవరూ తాగరు.

ఓబద్యా రాలేదు. మూడోసారి వస్తాడని పొద్దున్నుంచీ కాచుకుని కూర్చున్నాను. ఏమని కాదనాలో మాటలు కూడా పేర్చుకున్నాను. పాపం వస్తే రానీ, నా దగ్గర పోగొట్టుకోవడానికి ఇంకేముంది అనుకున్నాను. రాలేదు. రానందుకు కోపం వచ్చింది. వచ్చినా వచ్చి ఉండేది.

అన్నంలో పప్పు, పెరుగు వేసుకుని తిన్నాను. తెల్లచీర కట్టుకున్నాను. ఈ రోజు తోలు చెప్పులు వెయ్యం, గుడ్డ చెప్పులు తీశాను. అందరూ తోడులు తీసి సమాజమందిరం గుమ్మంలో బుట్టలో వేస్తారు. నాకు వెయ్యడానికి లేదు. కిందటేడు ఇదే రోజు ఓబద్యా నా పక్కనే నిలబడి ప్రార్థన చేశాడు. ఏమని చేశాడో.

తిష్రి 11

నిన్నటి సంగతి ఇవాళ రాస్తున్నాను.

మొన్న సాయంత్రం, దేవుడి పేరు మీద వేసుకున్న ఒట్లన్నీ రద్దు చేసే ప్రార్థన జరిగింది. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. తప్పులు చెప్పుకునే చోట ఒక్కో తప్పుకీ గుండె మీద పిడికిలితో కొట్టుకుంటాం. ఎవరూ "నేను చేశాను" అనరు, "మేము చేశాం" అంటారు. చిన్నప్పుడు అది నాకు నచ్చేది, నా దొంగతనాలు గుంపులో కలిసిపోయేవి. ఈసారి నచ్చలేదు. ఓబద్యా చేసినదానికి నేనెందుకు "మేము" అనాలి? పెదవులు మూసుకుని నిలబడ్డాను. ముందు వరసలో ఓబద్యా వీపు కనిపిస్తోంది. అతని పిడికిలి చప్పుడు మిగతా వాళ్ళకంటే గట్టిగా వినిపించింది.

మరునాడు మధ్యాహ్నం దాటాక, ప్రార్థన మధ్యలో, పంపు చప్పుడు మారింది. తోడులన్నీ బుట్టలో ఉన్నాయి కాబట్టి హెచ్చరిక ఎవరికీ వినపడలేదు. నాకు ఆ చప్పుడు కొడుకు దగ్గులా తెలుసు. బయటికి పరిగెత్తాను. పంపు ఆపేశాను. కానీ సమస్య పంపుది కాదు. జెల్లీఫిష్‌లు గుట్టగా వచ్చి పెద్ద పైపు మూతికి చుట్టుకున్నాయి. ప్రవాహం ఆ బరువుని లాగుతుంటే పైపు విల్లులా వంగింది. అది తెగితే కొత్తది రావడానికి వారాలు పడుతుంది. తొట్టిలో ఉన్నది మర్నాటికి కూడా చాలదు. ఊళ్ళో చంటిపిల్లలున్నారు.

తాతతో చెప్పాను. "ప్రాణం మీదకొస్తే ఉపవాసమూ లేదు, సబ్బాతూ లేదు. చెయ్యాల్సింది చెయ్యండి," అన్నాడు. ఎవరు దిగుతారని ఆయన అడగలేదు. యోతాము పోయాక తెప్పవాడలో నీళ్ళ పని ఎవరూ నేర్చుకోలేదు. దిగడం తెలిసింది ఓబద్యా ఒక్కడికే. పైన గాలి పైపు పట్టడం తెలిసింది ఓబద్యాకీ నాకూ.

కంప్రెసర్ దగ్గరికి ఇద్దరం చెరో వైపు నుంచి వచ్చాం. అతను ముసుగు తగిలించుకోబోతుంటే ఆపాను.

"ముందు ఏమన్నా తిను."

"అక్కర్లేదండీ."

"ఉత్త కడుపుతో దిగి నువ్వు అక్కడ కళ్ళు తిరిగి పడితే నీ ప్రాణానికి నేను జవాబు చెప్పాలి. తిను."

సిప్పోరా పిల్లల కోసం ఉంచిన రాగి జావ గిన్నెతో తెచ్చి ఇచ్చింది. అటు తిరిగి గటగటా తాగాడు. ఆ అదనులో సిప్పోరా నా చెవి దగ్గరికి వచ్చి, "అక్కా, ఆ మిరపకాయలు నేనే కోశా. క్షమించు," అంది, గబగబా.

"తెలుసులే. పో," అన్నాను. అంతే. ఆ ఒక్కటి ఎంత తేలిగ్గా అయిపోయిందో.

ఓబద్యాకి నడుం పట్టీ బిగిస్తుంటే నా నోరు ఊరుకోలేదు. "మూడోసారి రాలేదేం? మొహం చెల్లలేదా?"

"రాను కెజియమ్మ గారూ. అడగను," అన్నాడు. "మూడోసారి అడిగి మీరు కాదంటే ఆ పాపం మీ మీదకి వస్తదంట గదా. మీ బిడ్డని తీసుకుంది చాలు. అది కూడా మీ నెత్తిన పెట్టను. నాదగ్గరే ఉండనియ్యండి."

ముసుగు లాక్కుని నీళ్ళలోకి దిగిపోయాడు.

నేను ఆ బల్ల మీద కూర్చున్నాను. మూడేళ్ళ కిందట ఓబద్యా లేచి వెళ్ళింది ఈ బల్ల మీంచే. పైపు నా చేతుల్లోంచి కొంచెం కొంచెంగా నీళ్ళలోకి పోతోంది. సాదోకు కంప్రెసర్ చూస్తున్నాడు. ఒకసారి లాగాడు. బాగున్నాడు.

ఇక్కడ ఒకటి రాయాలి. రాయకపోతే ఈ రాతంతా దండగ. ఈ చేతులు వదిలేస్తే ఎలా ఉంటుందనే ఆలోచన నాకు వచ్చింది. ప్రాయశ్చిత్త దినం నాడు, తెల్లచీరలో, దేవుడి కళ్ళ ముందు. అది వచ్చింది, నేను దాన్ని చూశాను, పైపుని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి.

ఎండ దంచుతోంది. నాలుక అంగిలికి అంటుకుపోయింది. కింద అతను జెల్లీఫిష్‌ల్ని కోసి తోస్తుంటే గుజ్జు ముక్కలు పైకి తేలుతున్నాయి. ఒకసారి లాగాడు. బాగున్నాడు. అప్పుడు సిప్పోరా ఇంట్లో పిల్లల కోసం ముందురోజు వండి వెచ్చగా ఉంచిన పప్పుచారు గిన్నె మూత తీశారు. ఇంగువ వాసన గాలిలో వచ్చింది.

నా మెడ తిరిగింది. నేను తిప్పలేదు, అదే తిరిగింది. నోట్లో ఎండిపోయిన చోట నీళ్ళూరాయి. ఎంతసేపో తెలియదు, నేను పైపుని మర్చిపోయి ఆ ఇంటివైపు చూస్తూ కూర్చున్నాను. కెరటం తెప్పని ఎత్తింది. పైపు మడత జారి తెప్పల సందువైపు పోయింది. సాదోకు "అక్కా!" అని అరిచాడు. బల్ల మీంచి పడి రెండు చేతులతో దాన్ని అందుకున్నాను. మోచెయ్యి చీరుకుపోయింది. పైపు నలగలేదు.

అలాగే బోర్లా పడి పైపుని గుండెకి అదుముకుని ఏడ్చాను. మూడేళ్ళుగా ఏడవనంత ఏడ్చాను. ఇంతేనా అనిపించింది. నా బిడ్డని మింగింది ఏదో పెద్ద రాక్షసి అనుకున్నాను. ఇంత చిన్నదా? అందరి కడుపులోనూ ఉన్నదేనా? మెడ తిరగడం వేరు, లేచి వెళ్ళడం వేరు. ఆ తేడా నాకు తెలుసు. ఇవాళా తెలుసు. అయినా ఆ తేడా నిన్నటిదాకా నేననుకున్నంత పెద్దది కాదు.

రెండుసార్లు లాగాడు.

నేనూ సాదోకూ కలిసి పైకి లాగాం. పైపు మూతి శుభ్రమైందని చేత్తో సైగ చేసి తెప్ప మీద పడిపోయాడు. మెడ, మొహం, చేతులు అంతా జెల్లీఫిష్‌లు కుట్టి వాతలు తేలాయి. సాదోకు వెనిగర్ పోశాడు. నేను పంపు వేశాను. ధార వచ్చింది.

చివరి ప్రార్థనకి ఓబద్యా కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బయట మబ్బులు. ఉపవాసం ముగియాలంటే మూడు చుక్కలు కనిపించాలి. పిల్లలు తెప్ప అంచున తలలెత్తి చూస్తున్నారు. చాలాసేపటికి మూడోది దొరికింది. తాత కొమ్ము ఊదాడు. ఆ ఊపిరి ఆయనలో ఎక్కడ దాగుందో గానీ, సముద్రం మీదికంటా వినిపించింది.

జనం తిండి వైపు కదిలారు. అప్పుడు ఓబద్యా తాత దగ్గరికి వెళ్ళి ఏదో అన్నాడు. తాత గొంతెత్తాడు.

"ఇతను యోతాము కాడికి పోతానంటున్నాడు. పదిమంది కావాలి. ఆకలితో ఉన్నారని తెలుసు. వచ్చేటోళ్ళు రండి."

చాలామందికి అప్పటికే సంగతి పొక్కింది. కొందరు తల దించుకుని వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పు పట్టను. నేను నీళ్ళ గదిలోకి వచ్చి కూర్చున్నాను. కిటికీలోంచి ఉత్తరపు కమ్మీ కనిపిస్తుంది. తాత లాంతరు పట్టుకుని ఒక్కొక్కరి చేతిలో ఆల్చిప్ప పెడుతున్నాడు. సాదోకు, సిప్పోరా, మరికొందరు. తర్వాత ఆయన చెయ్యి ఆగిపోయింది. అరచేతిలో ఒక చిప్ప మిగిలింది. ఎవరైనా వస్తారేమోనని చూశారు. ఎవరూ రాలేదు. తాత నా కిటికీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ముసలాడు గట్టివాడు.

ఓబద్యా, "పోనీలే తాతా, అందరూ తిననియ్యి," అన్నాడు.

నేను లేచాను. ఎందుకు లేచానో చెప్పలేను. నా బిడ్డ తరఫున ఎవరో తొమ్మిదిమంది నిలబడితే నేను ఇక్కడ కూర్చున్నానేమిటి అనిపించింది. వెళ్ళి తాత చేతిలోంచి ఆ చిప్ప తీసుకున్నాను.

ఓబద్యా కమ్మీ పట్టుకుని నీళ్ళతో మాట్లాడాడు. బజ్జీల దగ్గర్నుంచి మా వసారాలో పడుకున్న రాత్రుల దాకా ఏదీ దాచలేదు. ఒడ్డుకి వెళ్ళి విచారణవాళ్ళకి కూడా ఇదే చెబుతానన్నాడు. "యోతామూ, నువ్వు లాగావు. నేను లేను," అన్నాడు. 

పదిమందీ జవాబు చెప్పాలి. మొదటిసారి "క్షమించాం" అన్నారు. నా గొంతు పెగల్లేదు. మా అమ్మ గడపల దగ్గర నిలబడటం గుర్తొచ్చింది. రెండోసారి పెదవులు కదిలాయి, శబ్దం లేదు. తాత ఆగాడు. ఎవరూ తొందరపెట్టలేదు. మూడోసారి అన్నాను. బొంగురుగా వచ్చింది. తోడు అన్నంత తియ్యగా రాలేదు. కానీ వాడు వినే ఉంటాడు. చిప్పని వాడి పేరు పక్కన పెట్టాను.

అందరూ తిండికి వెళ్ళారు. ఓబద్యా నీళ్ళ గది మెట్ల మీద కూలబడ్డాడు. వాచిన పెదవులు పగిలి ఉన్నాయి. నీళ్ళ గదిలోకి వెళ్ళి కొత్త ధార కింద గ్లాసు పెట్టి నింపి తెచ్చాను.

"ఇప్పటిదాకా అన్నది వాడి తరఫున," అన్నాను. "నన్ను మూడోసారి నువ్వు అడగవు. అది నాకు తెలుసు. అందుకని అడక్కుండానే చెప్తున్నా. క్షమించా. నీ మీద ప్రేమ పొంగి కాదు. వాడు లేని మంట ఎక్కడికీ పోదు. ఒక్కోరోజు నిన్ను చూసి మొహం తిప్పుకుంటానేమో. ఓర్చుకో."

అతను గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. వాచిన వేళ్ళకి పట్టు దొరక్క నీళ్ళు సగం ఒలికిపోయాయి. మిగతా సగం తాగాడు.

"ఓర్చుకుంటా అత్తా."

నేను వద్దనలేదు. గ్లాసు తీసుకుని మళ్ళీ నింపడానికి లోపలికి వెళ్ళాను.

ఇవాళ ఉప్పు శాతం మామూలే. తొట్టి నిండింది.